ఓబులేసు చెవి వెనక రక్తం

దయ్యాలూ శకునాలూ అంటే నాకు ఒళ్ళు మంట. మా అమ్మ పిల్లి ఎదురొస్తే ఆగిపోయేది, నేను ఆ పిల్లిని అదిలించి మరీ పోయేదాన్ని. ఇప్పటికీ ఇవేవీ నమ్మనని చెప్పాలనే ఉంది. అయినా జరిగింది జరిగినట్టు రాస్తాను, మీ ఇష్టం.

నేను అనంతపురంలో ఒక సెక్యూరిటీ ఏజెన్సీలో సూపర్‌వైజర్ని. జాతర కానీ, పెళ్ళి మండపంలో గలాటా కానీ, ఫ్యాక్టరీలో సమ్మె కానీ, ఉన్నట్టుండి మనుషులు కావాలంటే ఫోను నాకే వస్తుంది. గంటా రెండు గంటల్లో దొరికినవాళ్ళను పోగేసి, ఎవరు ఎక్కడ నిలబడాలో కాగితం మీద గీసి, తీసుకెళ్ళి నిలబెట్టాలి. పన్నెండేళ్ళుగా ఇదే పని.

రాప్తాడు దాటాక హైవేకి లోపలగా ఒక నీళ్ళ ప్లాంటు ఉండేది. ఆ ఎండాకాలం చుట్టుపక్కల బోర్లన్నీ ఎండిపోయాయి, ప్లాంటు బోరు ఒక్కటే పోస్తోంది. ఆ నీళ్ళు బాటిళ్ళలో బెంగళూరుకు పోతుంటే ఊళ్ళో ఆడవాళ్ళకు బిందెడు దొరకడం లేదు. ఒకరోజు పొద్దున ఏడింటికి ఓనరు ఫోన్ చేశాడు. ఊరంతా కలిసి మోటారు పగలగొట్టడానికి వస్తున్నారట, పదింటికల్లా మనుషులు కావాలన్నాడు. పోలీసులకు చెప్పమన్నాను. చెప్పాడట, వాళ్ళు వచ్చేసరికి మధ్యాహ్నం అవుతుందట.

తొమ్మిది మంది దొరికారు. అందులో ఒకడు మా తమ్ముడు ఓబులేసు. ఇంకొకడు తనకల్లు మనిషి రామాంజి, నెమ్మదస్తుడు, ఇద్దరు ఆడపిల్లల తండ్రి. ఓబులేసు ఒడ్డూ పొడుగూ ఉన్నవాడు కాబట్టి వాడిని గేటు ముందు, రామాంజిని లోపల బోరు దగ్గర రాశాను.

నిలబెట్టే ముందు అందర్నీ వరసలో నిలిపి బెల్టూ విజిలూ బూట్లూ చూస్తాను. ఓబులేసు దగ్గరికి వచ్చేసరికి వాడి ఎడమ చెవి వెనక నుంచి కాలరు మీదకు రక్తం కారుతోంది. ఏం తగిలిందిరా అంటూ నా దస్తీతో తుడిచాను. వెచ్చగా తగిలింది. వాడు తడుముకుని ఏమీ లేదన్నాడు. చూస్తే నిజంగానే ఏమీ లేదు, చర్మం మీద గీత కూడా లేదు. దస్తీ మీద మాత్రం ఎర్రటి మరక ఉంది.

రెండడుగులు వేసి వెనక్కి తిరిగి చూశాను. మళ్ళీ కారుతోంది. పక్కనున్న రామాంజిని పిలిచి నీకేమన్నా కనపడుతోందా అని అడిగాను. ఎండకు అట్లా ఉంటుంది మేడం, కొంచెం నీళ్ళు తాగండి అన్నాడు.

కాగితం మీద రెండు పేర్లూ కొట్టేసి తారుమారు చేశాను. ఓబులేసును బోరు దగ్గరికి పొమ్మంటే వాడికి కోపం వచ్చింది.

"అక్క తమ్మున్ని దాచిపెడతాండాదని అందరూ నగుతారు," అన్నాడు.

నోరు మూసుకుని పొమ్మని కసిరాను. రామాంజే నవ్వుతూ సర్దిచెప్పాడు.

"పోనీలేప్పా, ఈడ నేనుండా గదా."

పదింబావుకు వచ్చారు. రెండు మూడు వందలమంది ఉంటారు. ముందు ఆడవాళ్ళు ఖాళీ బిందెలతో, వెనక మగవాళ్ళు కట్టెలూ గడ్డపారలతో. మాట్లాడదామని ముందుకు పోయాను. ఒక ముసలమ్మ బిందె ఎత్తి నా భుజం మీద మోదింది. ఆ తర్వాత రాళ్ళే. ఆఫీసు అద్దాలన్నీ పగిలాయి. గేటు ఊడి మావాడొకడి కాలి మీద పడితే ఎముక విరిగిన చప్పుడు నాకు వినిపించింది. ఊరాయన ఒకాయన నోట్లోంచి రక్తంతో పాటు పళ్ళు రాలాయి. ఆయన్ను కొట్టింది మా లాఠీ, అదీ చెప్పాలి కదా.

రామాంజి వంగి, తొక్కిసలాటలో కింద పడిన ఒకామెను లేపుతున్నాడు. గడ్డపార వెనక నుంచి వచ్చింది. సరిగ్గా ఎడమ చెవి వెనక. రక్తం కాలరు మీదకు కారింది, పొద్దున నేను చూసినంత వెడల్పు చారే. చేతికందిన ఆ దస్తీనే గాయానికి అదిమి పట్టాను. పొద్దుటి మరక అతని రక్తంలో కలిసిపోయింది, అందుకే ఇప్పుడు రుజువు చూపించమంటే నా దగ్గర లేదు. వరసలో నిలబెట్టినప్పుడే తీసి ఓనరుకు పంపిన గ్రూపు ఫోటో ఫోనులో ఉంది. పెద్దది చేసి ఎన్నిసార్లు చూశానో. అందులో ఓబులేసు కాలరు శుభ్రంగా ఉంది.

అతను పడిపోవడం చూసి జనం చెదిరిపోయారు. బోరు దాకా ఎవరూ రాలేదు, ఓబులేసుకు గోరంత గాయం కాలేదు. రామాంజి మర్నాడు సాయంత్రం ఆస్పత్రిలో పోయాడు.

తమ్ముణ్ణి కాపాడుకుంది అని ఏజెన్సీలో అందరూ అన్నారు. ఎవరికీ సంజాయిషీ చెప్పలేదు. నెలమాసికానికి తనకల్లు పోయినప్పుడు రామాంజి భార్య నారాయణమ్మకు మాత్రం ఉన్నదంతా చెప్పాను. చెబితే నా బరువు దిగుతుందనుకున్నాను, అంత స్వార్థం. ఆమె ఏడవలేదు. పిల్లకు జడ అల్లుతూనే వింది.

"నీ తమ్ముని మింద రగతం కనపడితే, ఆ జాగాలో ఎవరూ నిలబడకూడదని అనుకోవల్ల గదా అక్కా. నా మొగున్ని ఎట్ల నిలబెట్టినావు?"

నాకు అది తోచనే లేదు. గేటు ఖాళీగా వదిలేయొచ్చన్న ఆలోచనే రాలేదు. ఒకణ్ణి తీశాను, ఇంకొకణ్ణి పెట్టాను. ఆ రక్తం ఎక్కడినుంచి వచ్చిందో, నాకొక్కదానికే ఎందుకు కనపడిందో ఈ రోజుకీ తెలియదు. పేర్లు మార్చకపోతే ఏమయ్యేదో అదీ తెలియదు. ఆమె పెట్టిన కాఫీ ముట్టుకోకుండా లేచి వచ్చేశాను.