ఉప్పునీళ్ల పరీక్ష

ఎనభైల మొదట్లో పోర్టు పక్కన ఒక షెడ్డులో కెమిస్టుగా చేరాను. అణు కేంద్రాల్లో ట్యాంకుల్లో నిల్వ ఉన్న రేడియోధార్మిక వ్యర్థజలాన్ని శుద్ధిచేసే యంత్రం అక్కడ తయారయ్యేది. లారీలో పట్టేంత చిన్నది. పంపే ముందు పరీక్ష మాదే. అసలు నీళ్లు మాకెవరిస్తారు? ఉప్పు కలిపిన నీళ్లు పోసి, ఎంత ఉప్పు పట్టుకుంటుందో చూసేవాళ్లం.

అక్కడి ఫిట్టరుదీ నాదీ ఒకటే వయసు. మా కృష్ణా జిల్లాలో వరస కుదిరితేనే బావ అంటారు, ఇక్కడ కలిసి టీ తాగితే చాలు, అలా ఇద్దరం బావలమయ్యాం. జాయింటు చెమ్మగా కనిపిస్తే బావ వేలితో తుడిచి నాలుకకు రాసుకునేవాడు. ఉప్పగా ఉంటే లీకు, చప్పగా ఉంటే గాలి తేమ. నేనూ నవ్వుతూ అలాగే నాకేవాణ్ణి.

యంత్రం నెగ్గింది. దాన్ని నడపడానికి బావని కూడా అణు కేంద్రానికి పంపమని పైవాళ్లకు చెప్పింది నేనే. పెద్ద మేలు చేశానని మురిసిపోయాను కూడా.

బయల్దేరే రోజు రైల్వే స్టేషన్లో బావ కూతుర్ని చంకనేసుకుని కుళాయి దగ్గర సీసా నింపుకున్నాడు. కారిన చుక్కని వేలితో తీసి, అలవాటుగా నాలుకకు రాసుకున్నాడు. అక్కడ కారేవి ఉప్పునీళ్లు కావు.

"బావా, అక్కడ ఆ పని చెయ్యకు!"

"నాకు తెల్దేటి? రేడియేషన్ కొలిసే మీటర్లుంతాయి కదా," అని నవ్వాడు.

ఆ నవ్వు చూసి నాకు ఒళ్లు మండింది. "చేతికి అంటితే జన్మలో వదలదు. ఇంటికి తెచ్చి ఈ పిల్లకి అంటిస్తావ్!" అని అరిచాను. అది నిజం కాదని నాకు తెలుసు. బావ నవ్వు ఆగిపోయింది.

మరుసటి వేసవిలో సెలవు మీద వచ్చాడని తెలిసి, పూర్ణా మార్కెట్ వెనక వాళ్లింటికి వెళ్లాను. పిల్ల ఒళ్లోకి ఎక్కబోతే చేతులు రెండూ వెనక్కి పెట్టుకున్నాడు. కడిగి కడిగి వేళ్లు పగిలిపోయి ఉన్నాయి.

"మీటరేమంది?" అన్నాను.

"ఏటీ లేదంది. రోజూ అదే అంతాది."

"మరి ఎత్తుకో బావా! ఆవేళ నిన్ను భయపెట్టడానికే అన్నాను."

"సదువుకున్నోడివి. అప్పుడు అబద్ధం సెప్పావో, ఇప్పుడు సెప్తన్నావో... నాకెలా తెలుస్తాది బావా?"

సిగ్గుతో చచ్చిపోయాను. కాసేపటికి పిల్ల నా వైపు చేతులు చాచింది. వాళ్ల నాన్న చూస్తుండగా నేనే ఎత్తుకున్నాను.