సౌత్ ఫేసింగ్

అమెరికాలో నోవై అనే ఊళ్లో ఉంటాం. మా వీధికి రెండు వరసలు. నార్త్ ఫేసింగ్ ఇళ్లన్నీ మన తెలుగువాళ్లమే కొనేశాం. సౌత్ ఫేసింగ్ వరసలో ముందునుంచీ ఉన్న అమెరికన్ ముసలివాళ్లే మిగిలారు. వాళ్లు అమ్ముదామన్నా మనవాళ్లు ఆ గడప తొక్కరు.

మా ఎదురింటావిడ ముగ్గురు పిల్లల్ని ఆ ఇంట్లోనే పెంచింది. ఎనభై దాటినా గడ్డి తనే కోసుకుంటుంది. పోయిన ఫాల్‌లో, ఆకులు రాలే రోజుల్లో, ఇల్లు అమ్మకానికి పెట్టింది. చూడ్డానికొచ్చిన మనవాళ్లు కారు దిగకుండానే ఫోన్‌లో దిక్కు చూసుకుని అట్నుంచి అటే వెళ్లిపోయారు.

"మా ఇంటికేం లోపం?" అని ఆవిడ నన్నడిగింది.

"మీ గుమ్మం దక్షిణానికుంది, అరిష్టం" అని చెప్పాను. కార్ల కంపెనీలో సీనియర్ ఇంజనీర్ని మరి! ఆవిడ జాలిగా చూసింది. జాలి ఎవరి మీదో నాకప్పుడు తెలియలేదు.

జనవరిలో తెలిసింది. చలికాలం సూర్యుడు దక్షిణానే తిరుగుతాడు, ఎండంతా ఆవిడ వైపే. మధ్యాహ్నానికల్లా ఆవిడ ఇంటి ముందు కారు పెట్టుకునే డ్రైవ్‌వేలో మంచు కరిగిపోతుంది. మా వరసంతా ఇళ్ల నీడలో ఐసు కట్టి ఉంటుంది. తవ్వీ తవ్వీ నా నడుం పడిపోయింది. ఆవిడ కిటికీ దగ్గర కాఫీ తాగుతూ చూస్తుంటుంది.

ఫిబ్రవరిలో మా పక్కింట్లో గృహప్రవేశం. దక్షిణం వైపు కన్నెత్తి చూడొద్దని మా అందరికీ చెప్పిన పంతులుగారే వచ్చారు. మా వైపు ఐసు చూశారు, తన చెప్పులు చూసుకున్నారు. కారు తిప్పి, నేరుగా ఆవిడ డ్రైవ్‌వేలో పెట్టారు.

"అక్కడ పార్క్ చేశారేంటండీ?" అన్నాను.

"వాస్తు ఇంటికే నాయనా, నడుముకి కాదు" అన్నారు.