లిఫ్టు లేచిన రోజు

పొద్దున కోకాపేటలో మా ఆఫీసు పక్కన జేసీబీ పైపు పగిలి రోడ్డంతా నూనె కారింది. అందరూ ముక్కు మూసుకుని పోతున్నారు. నేను మాత్రం ఆగిపోయాను. ఇంట్లో పాత ట్రాక్టర్ ఉన్నవాళ్లకు ఆ వాసన తెలుసు. మీకూ గుర్తుందా?

ఈ టవర్ల కింద ఒకప్పుడు మా పొలం ఉండేది. మా ట్రాక్టర్ వెనక నాగళ్లను ఎత్తే లిఫ్టుకు హైడ్రాలిక్ పంపు బాగుచేయించి బిగించిన రోజు నాయన బానెట్‌కు పసుపు పూసి, చక్రం కింద నిమ్మకాయ పెట్టాడు. స్టార్ట్ చేస్తుంటే ఎదురుగా నీళ్ల బిందెతో యాదమ్మత్త వచ్చింది. మొగుడు పోయి మా ఇంట్లోనే ఉంటున్న నాయన చెల్లెలు ఆమె. వెనక కట్టిన నాగళ్లు పైకి లేవలేదు.

"ముండమోపిదానా, ఎదురొచ్చినవ్ గదా, ఇగ అదేం లేస్తది!" నానమ్మ కన్నకూతురినే తిట్టింది.

నాయన మూత తీసి చూస్తే నూనె మజ్జిగలా నురగలు కక్కుతోంది. "గాలి గుంజుతున్నదమ్మా, యాదమ్మేం జేసింది?" అన్నాడు. నూనె పీల్చే పైపు విప్పితే, మెకానిక్ అక్కడ రబ్బరు రింగే వేయలేదు. నాయన కొత్త రింగు వేసి బిగించాడు.

మళ్లీ స్టార్ట్ చేసేముందు నానమ్మ అత్తను గదిలోకి నెట్టి బయట గడియ పెట్టింది. నాయన అది చూస్తూనే స్టార్ట్ చేశాడు. నాగళ్లు లేచాయి.

"చూసినవా, అది లోపలుంటె ఎట్ల లేచిందో!"

అందరం ట్రాక్టర్ వెంట పొలానికి పోయాం. ఎండ నడినెత్తికి వచ్చాక నానమ్మే విసుక్కుంది.

"యాదమ్మ ఇంక సద్ది తేకపాయె. ఇంట్ల ఏం జేస్తున్నదో మొద్దుది."