మర మీద ఎర్ర చుక్క

మీ బండిని న్యూట్రల్‌లో పెట్టి ఆక్సిలరేటరు పూర్తిగా వదిలేస్తే ఇంజన్ ఆడుతూ ఉంటుందా, ఆగిపోతుందా? తడుముకోకుండా చెప్పగలరా? కిందటి చలికాలం వరకు నేను చెప్పలేకపోయేదాన్ని. అందరి మాటల్లోనూ లోపం పట్టుకోగలనని మాత్రం నమ్మేదాన్ని. డిగ్రీ రోజుల డిబేటు పోటీలు నాకిచ్చిన అలవాటు అది.

అరకులోని ఒక కళాశాలలో పాఠాలు చెప్పడానికి చేరి, ఎస్.కోటలో పాత బళ్ళ వ్యాపారి దగ్గర ఒక మోటారు సైకిలు కొన్నాను. దిగుడులో పెట్రోలు కాల్చడం దండగని ఇక్కడ అందరూ న్యూట్రల్‌లో జారుతూ దిగుతారు. నేనూ దిగాను. అలా దిగిన ప్రతిసారీ ఇంజన్ చడీచప్పుడు లేకుండా ఆగిపోయేది. ఒక ఉదయం దట్టమైన పొగమంచులో ఇంజనుతో పాటు హెడ్‌లైటు కూడా ఆరిపోయింది. తెల్లటి శూన్యంలోకి బండి జారిపోతూనే ఉంది. చాలా దగ్గరలో ఎవరో దగ్గారు. ఆ మనిషి నాకు కనిపించలేదు, నేను ఆ మనిషికి కనిపించలేదు.

ఆ రోజే సంత రోడ్డులోని మెకానిక్కు షెడ్డుకు వెళ్ళాను. నడివయసు మనిషి. కార్బురేటరు విప్పి, అడుగు గిన్నెలో పేరుకున్న తుప్పురంగు మడ్డిని నాకు చూపించాడు.

“పెళ్ళిసూపులకి తెచ్చినట్టు పైనంతా బాగా తుడిసినారు మేడం. లోపల సూడండి, ముక్కు దిబ్బడ.”

పెట్రోలు వెళ్ళే సన్నటి జెట్టును నోటితో ఊది, ఆకాశానికేసి పట్టి చూశాడు. తరవాత పక్కనున్న స్లో మర మీదికి వెళ్ళిన అతని చేయి అక్కడే ఆగిపోయింది. ఆక్సిలరేటరు వదిలేసినా ఇంజన్ ఆగకుండా ఆడించే మర అది. దాని తల మీద ఎర్రటి గోళ్ళరంగు చుక్క ఉంది.

“ఈ బండి మీకెక్కడ దొరికింది?”

చెప్పాను. అతను స్టూలు మీద కూర్చున్నాడు.

“ఈ సుక్క నాను పెట్టిందే. నాను తిప్పిన మర ఇంకోడు ముట్టుకోకూడదని పెడతాను.”

బండి ఒక కాఫీ రైతుదట. దిగుడులో ఇంజన్ దానంతట అదే ఆగిపోయేలా మరను తగ్గించమని అడిగాడట. తాళం తిప్పి ఆపితే హారన్ మోగదు, మలుపుల్లో ప్రమాదం. అందుకని తాళం అలాగే ఉండాలి, ఇంజన్ మాత్రం ఆగాలి. ఇద్దరూ అంత దూరం ఆలోచించారు. ఆ పాత బండికి హెడ్‌లైటు బ్యాటరీతో కాక ఇంజన్ తిరిగితేనే వెలుగుతుందన్నది మాత్రం ఇద్దరికీ తట్టలేదు. ఒక మంచు ఉదయం, లైటు లేకుండా దిగుతున్న ఆ మనిషిని ఎదురుగా వచ్చిన జీపు గుద్దింది. రైతు అక్కడే పోయాడు, బండిని తరవాత అమ్మేశారట.

“తాగీసి లైటెయ్యలేదన్నారు మేడం. ఈ షెడ్డులో కూకునే అన్నారు.”

“మీరేమన్నారు?”

“నానేటనలేదు.”

“ఎందుకనలేదు?”

“ఏటనమంటారు? నా సేత్తోనే తిప్పినాను.”

“అంటే మీరు తప్పించుకోడానికి ఆయన్ని తాగుబోతును చేశారు.”

పోటీలో అయితే ఈ మాటకు చప్పట్లు పడేవి. ఇక్కడ నా గొంతు నాకే కటువుగా వినిపించింది.

అతను గోటితో ఎర్ర చుక్కను గీకేశాడు. అన్నీ బిగించి, ఇంజన్ ఆడించి, చెవి దగ్గరగా పెట్టి వింటూ మరను తిప్పాడు. అరచుట్టు. అంతే. రేకు గోడ మీద హెడ్‌లైటు వెలుగు పడింది. ఆక్సిలరేటరు వదిలేసినా ఆరలేదు. అది అంత తేలికగా నిలవడమే నన్ను భయపెట్టింది.

“ఆయన భార్యకు చెప్పండి” అన్నాను.

“ఒక్కణ్ణీ ఎల్లలేను. మీరు కూడా వొస్తారా?”

ఆదివారం అదే బండి మీద ఆ రైతు ఊరికి వెళ్ళాం. ఆయన భార్య వాకిట్లో కాఫీ పళ్ళు ఆరబోస్తోంది. మమ్మల్ని కాదు, ముందు బండిని చూసింది. అతను తల దించుకుని అంతా చెప్పాడు.

“తాగలేదని ఎంత మొత్తుకున్నా ఒక్కడూ ఇనలేదు” అందామె. “నీకు తెల్సు. తెల్సీ ఊరుకున్నావు.”

“తప్పే, సెల్లెమ్మా.”

ఆమె హెడ్‌లైటు అద్దం మీది దుమ్మును అరచేత్తో తుడిచింది. అతని వైపు తిరిగి అడిగింది.

“ఇంకెన్ని బళ్ళకి ఇలగ తిప్పినావన్నా?”

అతను వేళ్ళు మడుస్తూ లెక్కపెట్టబోయి, మధ్యలో ఆపేశాడు.

“ఆళ్ళందరూ ఈ రోడ్డే దిగుతారు గదా” అందామె.

ఆ ప్రశ్న నేను అడగాల్సింది. తప్పెవరిదో తేల్చే తొందరలో నాకు తోచనే లేదు.

ఆ ఊరికి నిజం అతనే చెప్పాడు. షెడ్డుకు వచ్చిన ప్రతి బండికీ మర సరిచేస్తున్నాడు. రాని బళ్ళు ఎన్నో అతనికీ తెలియదు. మంచులో దిగుతున్నప్పుడు, చప్పుడు లేని బండి ఒకటి నా వెనక జారి వస్తున్నట్టు అనిపిస్తుంది. అద్దంలో చూస్తాను. మంచు తప్ప ఏమీ ఉండదు. తరవాతి మలుపులో మళ్ళీ చూస్తాను.

అందుకే అడుగుతున్నాను. ఈసారి బండి తీసే ముందు లైటు వేసి, న్యూట్రల్‌లో ఆక్సిలరేటరు వదిలి, కాసేపు నిలబడి చూడండి. ఇంజన్ ఆగిపోయినా, లైటు ఆరిపోయినా, దాన్ని బాగుచేయించకుండా ఘాట్ రోడ్డు దిగకండి. బాగుచేయించాక కూడా, ఇంజన్‌ను గేరులోనే ఉంచి దిగండి.