ఎండలో చూసిన హీటరు

రాజమండ్రి పక్కన వేమగిరి జంక్షన్ దాటాక, కడియం నర్సరీ మొక్కల లారీలు మలుపు తిరిగే చోట సాల్మన్ షెడ్డు ఉంటుంది. బోర్డు లేదు, అవసరమూ లేదు. పాత అంబాసిడర్లలో పెట్రోలు ఇంజను దింపి డీజిలు ఇంజను ఎక్కించడంలో రెండు జిల్లాల్లోనూ అతనికి సాటి లేరని పేరు. ఆ పేరు అతనికీ తెలుసు. అక్కడే వచ్చింది చిక్కంతా. ఎవరైనా ఏదైనా చెప్పబోతే కొందరు వినరు. సాల్మన్ వింటున్నట్టు తలాడించి మరీ వినడు.

అతని చెయ్యి పడ్డ కారు దారిలో ఆవిరి కక్కదని అందరూ అంటారు. దానికి కారణం ఒక అలవాటు. ఇంజనులో నీళ్ళు బాగా కాగేదాకా రేడియేటరు వైపు పోకుండా ఆపే చిన్న మూత ఒకటి ఉంటుంది. షెడ్డుల్లో దాన్ని వాల్వ్ అంటారు. ఇంజను ఏదైనా సరే, సాల్మన్ ముందు ఆ వాల్వ్ పీకి పారేస్తాడు. పని నేర్పిన సత్తియ్య మేస్త్రి చెప్పిన మొదటి పాఠం అది. మన ఎండల్లో ఇంజను వేడెక్కడానికి వేరే సరంజామా దేనికి, అది గాని ఇరుక్కుందంటే ఇంజను మాడి మసైపోతుంది అనేవాడు. ఆ మాట చెవిన పెట్టకుండా సాల్మన్ తన పందొమ్మిదో ఏట ఒక టాక్సీకి వాల్వ్ ఉంచేశాడు. పెళ్ళివారు దాంట్లో అన్నవరం వెళ్తుంటే కత్తిపూడి దగ్గర అది ఇరుక్కుని, ఇంజను కాగిపోయి పట్టేసింది. ముహూర్తం దాటిపోయింది. సత్తియ్య షెడ్డులో అందరి ముందూ అతని చెంప పగలగొట్టాడు. ఆ తర్వాత ముప్పయ్యేళ్ళలో సాల్మన్ ఏ బండికీ వాల్వ్ వెయ్యలేదు. ఆ మాటకొస్తే ఈ చుట్టుపక్కల ఏ మేస్త్రీ వెయ్యడు.

కిందటి ఏప్రిల్లో భీమవరం నుంచి విశ్వనాథరాజుగారు తన అంబాసిడర్ తీసుకుని వచ్చారు. రొయ్యల చెరువులున్న మనిషి, ఇంట్లో కొత్త కార్లకి లోటు లేదు. అయితే భార్య సుబ్బాయమ్మగారికి ఆ కార్లెక్కితే కడుపులో తిప్పుతుంది. పైగా మోకాళ్ళ నొప్పులు. అంబాసిడర్ వెనక సీట్లో కాళ్ళు బారజాపుకుంటే తప్ప ఆవిడ దూర ప్రయాణం చెయ్యలేరు. ఆవిడకి బదరీనాథ్ చూడాలని ఉంది. ఊపిరితిత్తులు బాగాలేవు, వద్దన్నాడు డాక్టరు. ఆవిడ పట్టు విడవలేదు. చివరికి ఒంటికి చలి తగలనివ్వకూడదన్న షరతు మీద డాక్టరు ఒప్పుకున్నాడు. అంచేత కారులో హీటరు పనిచేసి తీరాలి.

హీటరు అనగానే సాల్మన్‌కి నవ్వొచ్చింది. రాజమండ్రిలో కారుకి హీటరు కావాలన్న మనిషి అతనికి పుట్టి బుద్ధెరిగాక తగల్లేదు. ఆ కారుని రాజుగారి నాన్నగారు ఢిల్లీలో కొన్నారు కాబట్టి డాష్‌బోర్డు కింద హీటరు పెట్టె ఉంది. పదిహేనేళ్ళ కిందట ఇంజను మార్చినప్పుడు, ఇంజనులోంచి దానికి వేడినీళ్ళు తీసుకెళ్ళే రెండు గొట్టాలూ కోసి మూసేసింది సాల్మనే. ఇప్పుడు వారం రోజులు దాని మీదే కూర్చున్నాడు. పెట్టె విప్పి లోపలి తుప్పంతా కడిగాడు. కొత్త గొట్టాలు కలిపాడు. గాలి కొట్టే ఫ్యాను మోటారు మార్చాడు. చల్లగాలి దూరకుండా తలుపులకి కొత్త రబ్బర్లు వేసి, పెడళ్ళ దగ్గర కన్నాలు కూడా మూశాడు. పని ఎగ్గొట్టే రకం కాదతను, ఆ మాట చెప్పి తీరాలి.

రాజుగారు ఇంటర్నెట్లో చదివి ఒక కొత్త వాల్వ్ కూడా తెచ్చారు. అది లేకపోతే చలిలో నీళ్ళు కాగవని, హీటరు ఉన్నా దండగేనని, తప్పకుండా వెయ్యమని మరీ మరీ చెప్పి చేతిలో పెట్టారు. సాల్మన్ "ఆయ్" అన్నాడు. ఆయన అటు వెళ్ళగానే దాన్ని నట్ల డబ్బాలో పడేశాడు. మనసులో చెడు లేదు. మే నెలలో విజయవాడ, నాగపూర్ మీదుగా పోవాలి. ఆ ఎండలో వాల్వ్ ఇరుక్కుంటే పెద్దావిడ నడిరోడ్డు మీద పడుంటుంది. అలా కాకుండా తను కాపాడుతున్నాననే అనుకున్నాడు. ఆ మాటేదో రాజుగారితోనే అనొచ్చు కదా. చదువుకున్న పెద్దమనిషితో వాదన ఎందుకులే అని ఊరుకున్నాడు.

కారు తీసుకెళ్ళే రోజున మధ్యాహ్నం రెండింటికి పరీక్ష పెట్టారు. బయట నలభై మూడు డిగ్రీలు. అసలే కాలుతున్న ఇంజను పావుగంట తిరిగేసరికి గొట్టాల్లో నీళ్ళు సలసలా కాగాయి. ఫ్యాను వెయ్యగానే పొయ్యి ముందు కూర్చున్నట్టు సెగ కొట్టింది. వెనక సీట్లో ఉన్న సుబ్బాయమ్మగారు పైట చెంగుతో మొహం తుడుచుకుంటూ ఇక చాలు, ఆపించమన్నారు. అందరూ నవ్వారు. వాల్వ్ వేశావు కదా అని రాజుగారు అడిగితే వేశానండి అన్నాడు సాల్మన్. రాజమండ్రి ఎండలో హీటరు వేసి చూసి, భేషుగ్గా ఉందని మురిసిపోయిన తెలివి మనది. ఎవర్నని ఏం లాభం?

మే రెండో వారంలో ఒక మధ్యాహ్నం మూడింటికి ఫోను వచ్చింది. సాల్మన్ తడిగుడ్డ నెత్తిన వేసుకుని పని చేస్తున్నాడు. చేతులకి గ్రీజు ఉండటంతో మోచేత్తో స్పీకరు నొక్కాడు. అవతల రాజుగారు. బదరీనాథ్ ఇంకా పాతిక కిలోమీటర్లు ఉందనగా కొండచరియ విరిగి దారి మూసుకుపోయింది. ముందూ వెనకా బళ్ళే. వానతో పాటు మంచు పడుతోంది. ఇంజను నడుస్తూనే ఉంది గాని హీటరు చల్లగాలి కొడుతోంది. సుబ్బాయమ్మగారికి ఆయాసం మొదలైంది.

"సాల్మన్, వాల్వ్ వేశావు కదా? ఇక్కడ లారీ డ్రైవరొకతను అడుగుతున్నాడు. అది లేకపోతే రేడియేటరుకి అట్ట అడ్డం పెడితే చాలంట. ఉంటే మాత్రం లోపం ఇంకెక్కడో ఉందంట, ఇంజను ఆపి గొట్టాలు విప్పాలంట. సరిగ్గా చెప్పు."

అట్ట సంగతి సాల్మన్‌కి తెలియనిది కాదు. డిసెంబరులో ఉత్తరాదికి వెళ్ళే మొక్కల లారీల వాళ్ళు చలిగాలికి నీళ్ళు చల్లారకుండా రేడియేటరు ముందు గోనెపట్టా కట్టుకోవడం ఏటా చూస్తూనే ఉన్నాడు. లేదండి అని ఒక్క మాట అంటే అయిపోయేది. కాని పక్క బెంచీ మీద ఇద్దరు కస్టమర్లు కూర్చుని స్పీకరులో మాటలన్నీ వింటున్నారు.

"వేశానండి," అన్నాడు.

ఫోను పెట్టేశాడు. పది నిమిషాలు కూడా ఉండలేక షెడ్డు వెనక్కి వెళ్ళి తిరిగి చేశాడు. అందుబాటులో లేరంది. రాజుగారి డ్రైవరు అచ్చిబాబుకి చేస్తే అదీ అంతే. సాయంత్రం దాకా చేస్తూనే ఉన్నాడు. ఇంటికెళ్ళి కంచం ముందు ఊరికే కూర్చుంటే భార్య రూబీ ఏమైందని అడిగింది. ఏమీ లేదన్నాడు.

ఐదో రోజున అచ్చిబాబు ఫోను ఎత్తాడు. ఇంజను ఆపి గొట్టాలు విప్పి, పంపు చూసి, మళ్ళీ నీళ్ళు నింపేసరికి గంటన్నర పట్టిందట. ఎక్కడా లోపం కనపడలేదట. ఆ గంటన్నరలో కారు లోపల ఉన్న కాస్త వెచ్చదనమూ పోయింది. దుప్పట్లన్నీ కప్పినా ఆవిడ వణుకు ఆగలేదు. కింది ఊరి ఆసుపత్రిలో న్యుమోనియాతో మూడు రోజులుండి కన్నుమూశారు. బదరీనాథ్ చూడలేదు.

పెద్దకర్మ రోజున సాల్మన్ భీమవరం బస్సెక్కాడు. తణుకులో దిగిపోయి వెనక్కి వచ్చేశాడు.

జూన్ ఆఖర్లో రాజుగారే ఆ కారు నడుపుకుంటూ వచ్చారు. మనిషి సగమైపోయారు. ఆ బండి ఇంటి ముందు కనపడుతుంటే ఉండలేకపోతున్నానని, అమ్మడానికి మనసొప్పడం లేదని, సాల్మన్ అయితే బాగా చూసుకుంటాడని చెప్పి తాళాలు అతని చేతిలో పెట్టారు. వారం రోజులు అంత కష్టపడ్డావు, మా ప్రాప్తం అలా ఉంది, నువ్వేం చేస్తావు అన్నారు.

"ఆవిడ కూడా నిన్నేమీ అనలేదు. ఆసుపత్రిలో కూడా, పాపం సాల్మన్ చాలా కష్టపడ్డాడండి అంది."

ఆ మాట విని సాల్మన్ చేతిలో తాళాల వైపు చూశాడు.

"నేను వాల్వ్ వెయ్యలేదండి."

రాజుగారికి ముందు అర్థం కాలేదు. సాల్మన్ మళ్ళీ చెప్పాడు. మేస్త్రి మాట, కత్తిపూడిలో పట్టేసిన ఇంజను, నాగపూర్ ఎండ, బెంచీ మీద కస్టమర్లు, ఏదీ దాచలేదు. తిడతారని, కొడతారని చూశాడు. కొడితే బాగుండునని కూడా అనిపించింది.

రాజుగారు కారు వైపు తిరిగారు.

"వెయ్యకపోవడం సరే సాల్మన్. నీకు మంచిదని తోచింది నువ్వు చేశావు. నేను ఫోను చేసినప్పుడు ఆ లారీ డ్రైవరు అట్టముక్క చేత్తో పట్టుకుని వానలో నిలబడ్డాడు. నువ్వేం చెప్తావా అని నా మొహంకేసి చూస్తున్నాడు. సాల్మన్ అబద్ధం చెప్పడు, నువ్వు అట్ట తీసెయ్యి అని అతనితో చెప్పాను. నేనే చెప్పాను."

తర్వాత చెయ్యి చాచి తాళాలిమ్మన్నారు. సాల్మన్ ఇచ్చేశాడు.