ఒక గొర్రెపిల్లలో నాలుగు శాస్త్రాలు

మా సైన్సు సారు చనిపోయారని తమ్ముడు ఫోన్ చేసినప్పుడు నేను గొర్రెల దొడ్డి ఊడుస్తున్నాను. చీపురు పక్కన పెట్టి అక్కడే కూర్చుండిపోయాను. మా అత్తమ్మ చూసి వచ్చింది.

"ఎవలే పోయింది?"

"మా బడి సారు."

"సారా? నీకేం వరుసైతడు?"

ఏ వరుసా కాడన్నట్టు తల అడ్డంగా ఊపాను.

"వరుస లేనోని సావుకు కోస్గి దాటి గంత దూరం ఏం పోతవ్? లే, పెంట ఎత్తు" అంది. లేచాను. సారును ఆఖరిసారి చూడలేదు. వరుస లేని మనిషి కోసం ఏడిస్తే మా ఇంట్లో ఒప్పుకోరు. అందుకే ఇక్కడ రాస్తున్నాను. నేను చదివింది ఏడో తరగతి వరకే, తప్పులుంటే సర్దుకొని చదవండి.

సారు మా తరగతి గదిలో నాలుగు మూలలనూ శాస్త్రాలకు పంచారు. ఒక మూల చెట్టూ చేమా, అది వృక్షశాస్త్రం. ఇంకో మూల జీవాలు, జంతుశాస్త్రం. మూడోది రాళ్ళూ మన్నూ చూసే భూగర్భశాస్త్రం. నాలుగోది రసాయన శాస్త్రం, ఒకదానితో ఒకటి కలిస్తే ఏమవుతుందో చూసేది. బరువు, వెలుతురు, చప్పుడు సంగతి చెప్పే భౌతికశాస్త్రాన్ని మాత్రం తన కుర్చీ దగ్గర పెట్టుకునేవారు. "గిది నాకే సరిగ్గ రాదు" అని నవ్వేవారు. మేము వారానికో మూలకు మారేవాళ్ళం. ఆ మూలకు చెందిన సంగతి ఏదైనా మా కళ్ళతో చూసి వచ్చి చెప్పాలి. పుస్తకంలోది చెబితే ఒప్పుకునేవారు కాదు. "చూడనిది చెప్పొద్దు, చూసింది దాచొద్దు" అనేవారు.

నేను చూసింది దాచేదాన్ని. నలుగురిలో నోరు తెరవాలంటే భయం. నాకు జీవాల మూల వచ్చిన వారమే మా మందలో ఒక గొర్రెపిల్ల చచ్చింది. నా పక్కన కూర్చునే అమ్మాయి లేచి, "సారూ, వీళ్ళింట్ల గొర్రెపిల్ల సచ్చింది, గందుకే వాసనొస్తాంది" అంది. అందరూ నవ్వారు. సారు నవ్వలేదు.

"ఎప్పుడు సచ్చింది బిడ్డా?"

"పొద్దుగాల."

"బక్కదా, బలిసిందా?"

"బలిసింది. అన్నిట్ల అదే మంచిగుండె."

"నిన్న ఏం మేసింది?"

"వాన పడ్డది గద సారు. కొత్త గడ్డి."

ఆయన అందరి వైపూ తిరిగారు. "ఇది చిటుక రోగం. వాన ఎప్పుడొస్తదో వాతావరణ శాస్త్రం చెప్తది. లేత గడ్డి సంగతి వృక్షశాస్త్రం. గొర్రె పేగు సంగతి జంతుశాస్త్రం. ఆ పేగుల కంటికి కానరాని పురుగు ఎప్పుడూ ఉంటది. గొర్రె ఆత్రంగ మేస్తే అది పెరిగి విషం కక్కుతది. దాన్ని చూసేది సూక్ష్మజీవశాస్త్రం. తొలి వానకు ముందే సూది ఏపిస్తే పిల్ల బతుకుతుండె. పేర్లు మనం పెట్టుకున్నయి, గొర్రెకు గా పేర్లు తెల్వయి."

ఆ రోజు ఇక ఎవరూ నవ్వలేదు.

ఏడో తరగతి అయిపోయిన ఎండాకాలం మా బాపు మందతో వలస పోతూ వంటకు నన్ను రమ్మన్నాడు. సారు మా ఇంటికి వచ్చారు. హాస్టల్లో చేర్పిస్తానన్నారు. బాపు కాదనలేదు. "దాన్నే అడుగుండ్రి సారు. సదువుతనంటే నేనడ్డం రాను" అన్నాడు.

"సదువుతవా బిడ్డా?"

వాకిట్లో ఐదారుగురు మగవాళ్ళున్నారు. నేను గుంజ వెనక్కి జరిగాను. సారు చాయ్ తాగి, గ్లాసు తనే కడిగి బోర్లించి వెళ్ళిపోయారు. మళ్ళీ రాలేదు.

పోయినవాళ్ళ మీద కోపం పెట్టుకోకూడదంటారు. నాకుంది. నాకు నోరు లేదని ఆయనకు తెలుసు. ఎవరూ లేనప్పుడు ఇంకొక్కసారి అడిగి ఉంటే చెప్పేదాన్నేమో. ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. వలసలో పొయ్యి ముందు కూర్చున్నాను.

పెళ్ళైన ఏడాది తొలి వానకు మా అత్తగారి మందలో చావులు మొదలయ్యాయి. బలిసినవే ముందు పోయాయి. అది ఏ రోగమో నాకు తెలుసు. సూదులు వేయించలేదనీ వాన రాకముందే తెలుసు. అయినా చెప్పలేదు. "కొత్త కోడలు అడుగు పెట్టిన యాళ్ళ మంచిగ లేదు" అంది అత్తమ్మ. ఆ మాటా పడ్డాను.

మరుసటి ఏడు రోహిణి కార్తెలో మా ఇంటాయనతో అన్నాను, "సూదులు ఏపియ్యి" అని.

"నీకెవలు చెప్పిండ్రు?"

"మా సారు."

"గొర్ల సారా?" అని నవ్వాడు. నవ్వుతూనే పశువుల దవాఖానకు పోయి డాక్టరును తీసుకొచ్చాడు. ఆ వానకు ఒక్క జీవమూ చావలేదు. "బీరప్ప సల్లగ చూసిండు" అని మా గొర్రెలను కాచే దేవుడికి దండం పెట్టింది అత్తమ్మ.

ఈ ముచ్చట సారుకు చెప్పాలని పుట్టింటికి పోయినప్పుడు ఆయన ఇంటి దాకా వెళ్ళాను. అరుగు మీద పేపరు చదువుకుంటున్నారు. తలెత్తి, "ఎవలమ్మా?" అన్నారు. చూపు తగ్గిందో, నన్ను మరిచిపోయారో తెలియదు. వేరే పని మీద పోతున్నదానిలా ముందుకు నడిచాను. అదే ఆఖరు.

సారు దినాలు కూడా అయిపోయాయి. ఈ ఏటి తొలి వాన మొన్న పడింది; సూదులు అంతకు ముందే వేయించాం. మందను మేతకు విడిచాక అత్తమ్మ బీరప్పకు కొబ్బరికాయ కొట్టి ముక్కలు పంచింది. "నిరుడు కాపాడినట్టే కాపాడు సామీ" అంది.

"నిరుడు కాపాడింది మా సారు, అత్తమ్మా" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

"ఏ సారే?"

"పోయిండు గద. నువ్వు నన్ను పోనియ్యకపోతివి."

 నాకివ్వబోయిన కొబ్బరి ముక్క అత్తమ్మ చేతిలోనే ఉండిపోయింది. కంచె అవతల మంద తలలు వంచి మేస్తోంది. బాగా బలిసిన పిల్ల ఒకటి తడిసిన చెవులు విదిలించి, మళ్ళీ లేత గడ్డిలోకి మూతి పెట్టింది.