అతని ఫోన్‌లో లేని గీత

నా డైరీల్లో చెరిపివేత లేదు. తప్పు రాస్తే దాని మీద ఒక్క గీత గీస్తాను, కింది అక్షరాలు కనబడేటట్టు. పక్కన సరైన మాట రాసి పొట్టి సంతకం పెడతాను. వాటర్ వర్క్స్‌లో చేరిన మొదటి నెలలో నా పైఅధికారి నేర్పిన పద్ధతి అది. పంపుహౌస్ లాగ్‌బుక్‌ను బ్లేడుతో గీకితే మెమో వచ్చేది. చెరిపినవాడు దాస్తున్నాడు, కొట్టేసినవాడు ఒప్పుకుంటున్నాడు అని మా నమ్మకం. రిటైరైనా నేను దాన్ని వదల్లేదు.

మా కోడలు హన్మకొండలో ఒక కాలేజీలో కంప్యూటర్లు బోధిస్తుంది. మా రిటైర్డ్ ఉద్యోగుల కోసం ఇంట్లోనే ఒక చిన్న సర్వర్ పెట్టింది. ఇది ఏ ఒక్క కంపెనీ చేతిలోనూ లేని సోషల్ మీడియా అని చెప్పింది. మన సర్వర్ మనది, ఇతరుల సర్వర్లు ఇతరులవి. ఒకచోట రాసింది మిగతా చోట్లకు కాపీగా వెళుతుంది. యజమాని లేడు, ప్రకటనలు లేవు. నాకు నచ్చింది. రోజుకొక పాత డైరీ పేజీ టైపు చేసి పెట్టడం మొదలుపెట్టాను. ఏ వీధికి ఎప్పుడు నల్లా వచ్చేది, ఎక్కడ పైపు పగిలింది, ఇట్లాంటివి. చదివేవాళ్లు బాగానే ఉన్నారు.

అందులో అక్షరాలను లావు చేయవచ్చు, పక్కకు వాల్చవచ్చు, మధ్యలో గీత పెట్టి కొట్టేయవచ్చు. లావు అక్షరాలు చూస్తే పక్కనే కూర్చుని అరిచే మనిషి గుర్తొస్తాడు. వాల్చిన తెలుగు అక్షరాలు గాలికి ఒరిగిన దడిలా ఉంటాయి. ఆ రెండింటినీ నేను ముట్టుకోలేదు. ఆ గీత దగ్గర మాత్రం మోసపోయాను. నా డైరీ ఉన్నదున్నట్టు తెర మీదికి వస్తుందనుకున్నాను.

మొన్నటి ఎండాకాలం ఒక పేజీ పెట్టాను. మట్టెవాడకు నీళ్లిచ్చే పంపుహౌస్‌లో మోటరు కాలి, మూడు రోజులు ఆ వీధులు ఎండిపోయినప్పటిది. మొదటి రోజు నేను రాసుకున్న వాక్యం ఇది: "పగటి ఆపరేటర్ డ్యూటీలో నిద్రపోయాడు, అందుకే మోటరు కాలింది." మర్నాడు ఎలక్ట్రీషియన్ వచ్చి చూస్తే, కరెంటు మూడు ఫేజుల్లో ఒకటి పోయిందని, మోటరును కాపాడాల్సిన రిలే పనిచేయలేదని తేలింది. ఆపరేటర్ నిద్రపోలేదు. పొగ చూసి మెయిన్ స్విచ్ ఆపింది అతనే. నేను ఆ వాక్యం కొట్టేసి, పక్కన "ఫేజు పోయింది" అని రాసి సంతకం పెట్టాను. ఇప్పుడు టైపు చేసినప్పుడూ అదే చేశాను. పేరు రాయలేదు. కానీ ఆ రోజుల్లో అక్కడ పగటి ఆపరేటర్ ఒక్కడే.

ఆ ఒక్కడు నా స్నేహితుడు. ఇప్పటికీ మట్టెవాడలోనే ఉంటాడు. ప్రతి శుక్రవారం నమాజు తర్వాత మా ఇంటికి వచ్చి చాయ్ తాగి పోయేవాడు. అతని కూతురు అతన్ని వాళ్ల పేటవాళ్లు ఎక్కువగా వాడే వేరే సర్వర్‌లో చేర్చింది.

పేజీ పెట్టిన మర్నాడు, శుక్రవారం కాకపోయినా, వచ్చాడు. చెప్పులు విప్పలేదు. ఫోన్ నా ముందు పెట్టాడు.

"గిదేంది సార్?"

"ఏమైంది భాయ్, కూర్చో."

"నేను పండుకున్ననా?"

నా ఫోన్ తీసి చూపించాను. "కొట్టేసిన గదా, చూడు."

"మీ ఫోన్ల కొట్టేసిండ్రు. నా ఫోన్ల ఏడ కొట్టేసిండ్రు?"

అతని ఫోన్‌లో గీత లేదు. అతను నిద్రపోయాడు, అందుకే మోటరు కాలింది, ఫేజు పోయింది. మూడూ వరుసగా, మూడూ నిజమైనట్టే ఉన్నాయి.

"ఆ మూడు దినాలు బిందెలు మోసినోళ్లు మా మొహల్లాల ఇంక బతికే ఉన్నరు. పొద్దుగాల చాయ్ హోటల్ల ఒకడు, 'చాచా, దిండు గావాల్నా' అన్నడు. అందరు నవ్వుతాండ్రు."

అతని ముందే ఆ పేజీ తీసేశాను. "ఇప్పుడు తీస్తే ఏమొస్తది" అని వెళ్లిపోయాడు.

సాయంత్రం కోడలిని నిలదీశాను.

"మామయ్యా, తప్పు ఫార్మాటింగ్‌ది కాదు. ఆ సర్వర్ సాఫ్ట్‌వేర్ పాతది. గీతలు, వంపులు తీసేసి ఉత్త అక్షరాలే చూపిస్తుంది. వాళ్లు అప్‌డేట్ చేస్తే సరిపోతుంది."

"చెయ్యకపోతే?"

"వాళ్లిష్టం. యజమాని లేడంటే అదే మరి. మీరు తీసేసినా, అక్కడి కాపీ పోతుందని గ్యారంటీ లేదు."

"నా వాక్యానికి అర్థం ఏమిటన్నది కూడా వాళ్లిష్టమేనా?"

"'ఇది తప్పు' అని రెండు మాటలు ఎక్కువ రాస్తే అయిపోయేది కదా."

ఆ మాట నిజం. అందుకే ఒళ్లు మండింది.

ఆ వారమే మేం వాడే యాప్‌ను తయారుచేసే వాలంటీర్లు అందరినీ ఒక ప్రశ్న అడిగారు: శీర్షికలు, రంగులు, పట్టికలు కూడా ఇవ్వాలా? వద్దని రాశాను. ఉన్నవి కూడా తీసెయ్యమన్నాను. ఒకే చేతిలో ఉన్న యాప్‌లో గీత గీస్తే అందరికీ గీతే కనబడుతుంది. ఇక్కడ వెయ్యి చేతులు. ఒకడు చూపిస్తాడు, ఒకడు చూపించడు, ఎవరు చూపించలేదో రాసినవాడికి తెలియదు. చూపు లేనివారికి ఫోన్ చదివి వినిపిస్తుంది కదా, అప్పుడు ఆ గీత వినబడుతుందా అని అడిగాను. చాలా ఫోన్లలో వినబడదని ఒకాయన ఒప్పుకున్నాడు. ఒప్పుకుని, "అయినా అందంగా ఉంటుంది కదండీ" అన్నాడు. ఇంకొకడు "తాతగారూ, టైప్‌రైటర్ కొనుక్కోండి" అని రాసి నవ్వే బొమ్మ పెట్టాడు. వాడి మొహల్లాలో వాడికి దిండు ఎవరూ ఇవ్వజూపలేదు. అలంకారం అడిగేవాళ్లలో ఒక్కడు కూడా, అది రాలిపోయాక మిగిలే మాటకు జవాబుదారీ తీసుకుంటానని అనలేదు.

శుక్రవారం అతను రాలేదు. అసలు డైరీ సంచిలో పెట్టుకుని నేనే మట్టెవాడ పోయాను. రుజువు చూపిస్తే కోపం పోతుందనుకున్నాను. అతను అద్దాలు పెట్టుకుని ఆ పేజీని చాలాసేపు చూశాడు.

"గీత ఉన్నది."

"చూసినవా. మర్నాడే కొట్టేసిన."

"గీత కింద నేను ఇంక పండుకునే ఉన్న గద సార్. ఇన్నేండ్లు."

చెరపకూడదన్నది మా పద్ధతి అని చెప్పాను.

"పద్ధతి మీకు మంచిగనే ఉన్నది. మీరు ఎంత నిజాయితీ మనిషో జూపెట్టనీకి నా నిద్ర గావాల్నా?" గొంతు పెంచలేదు. "ఆ దినం మీరొచ్చినప్పుడు నేను ఆడనే ఉన్న. చేతులు నల్లగ ఉన్నయ్. పండుకున్నవా అని ఒక్క మాట అడగలె. ఇంటికి పోయి రాసుకున్నరు."

అడగలేదు. ఆ పేజీలో అన్నీ ఉన్నాయి, మోటరు నంబరు, ఆగిన సమయం, కబురు తెచ్చినవాడు. అడిగినట్టు మాత్రం లేదు.

"రాయుండ్రి. ఇప్పుడే, నా ముంగట."

ఫోన్ తీశాను. అతను చెప్పాడు, నేను టైపు చేశాను. లావు లేదు, వాలు లేదు, గీత లేదు. మోటరు కాలిన రోజు ఆపరేటర్ మేలుకొనే ఉన్నాడు. మెయిన్ ఆపింది అతనే. మూడో వాక్యం దగ్గర నా వేలు ఆగింది. అతన్ని అడగకుండా, నిద్రపోయాడని రాసింది నేను. అది కూడా టైపు చేసి పంపాను.

అతను తన ఫోన్ తెరిచి, అది వచ్చేదాకా ఆగాడు. వచ్చింది. ఒక్కొక్క అక్షరం మీద వేలు పెట్టి చూసుకున్నాడు. ఏదీ రాలిపోలేదు. లోపల ఉన్న భార్యకు, కూతురికి వినబడేటట్టు మూడు వాక్యాలూ పైకి చదివాడు. రెండోసారి మూడో వాక్యం ఒక్కటే చదివాడు.

"సరే సార్, ఇగ పోయి రాండ్రి" అన్నాడు.

వచ్చినప్పటి నుంచి కూర్చోమని అనలేదు. నిలబడే ఉన్నాను కాబట్టి లేచే పని లేకపోయింది. డైరీ సంచిలో పెట్టుకుని గుమ్మం దాటాను.